పొలిమేరలో కత్తి పట్టిన వీరుడి రాయి దేవుడిదా? కింద నిధి ఉంటుందా?

కాదు, అది వీరగల్లు, అంటే పోరాటంలో చనిపోయిన మనిషికి ఊరు నిలబెట్టిన స్మారక శిల. దాని కింద నిధి ఉంటుందన్నది వట్టి పుకారు.

పూర్వం పశువుల మందే పల్లెకు ఆస్తి. శత్రువులు ముందు దానిమీదే పడేవారు. అడ్డుపడి ప్రాణం పోగొట్టుకున్నవాడికి రాయి చెక్కించేవారు. ఇలాంటి రాళ్లు చాలావాటిలో రెండు మూడు అంతస్తులుంటాయి, కింది నుంచి పైకి చూడాలి: అడుగున యుద్ధం, మధ్యలో వీరుణ్ణి స్వర్గానికి తీసుకెళ్తున్న అప్సరసలు, పైన శివలింగం. కొన్నిటి మీద శాసనమూ ఉంటుంది. గాజులు తొడిగిన చెయ్యి పైకెత్తి కనిపిస్తే అది సతికల్లు, అంటే భర్త చితిలో సహగమనం చేసిన భార్యకు నిలిపిన రాయి.

చనిపోయినవాళ్లను ఇలా కొలవడం ఇప్పటికీ ఉంది. పల్నాడులోని కారంపూడిలో 12వ శతాబ్దపు యుద్ధవీరులకు గుడే ఉంది. ఏటా కార్తీకంలో ఐదు రోజుల ఉత్సవం చేస్తారు, అందులో ఒక రోజు పేరు మందపోరు, అంటే పశువుల మంద దగ్గర జరిగిన పోరు. ఊళ్లలో వీరగల్లుకు పసుపు కుంకుమ పెట్టి వీరభద్రుడనో పోతురాజనో పిలుస్తారంటే ఆశ్చర్యం లేదు.

ఇక పైన చెక్కిన సూర్యచంద్రులు నిధికి గుర్తని నమ్మి చాలాచోట్ల రాళ్లను పెకలించారు, పాపం. నిజానికి ఆ గుర్తుకు అర్థం సూర్యచంద్రులున్నంత కాలం ఈ పేరు నిలవాలని.