ఆ కథలో నాన్న మాట ఏది?

అమ్మాయికి, ఆశీస్సులు.

నీ కథ చదివాను. అమ్మ పోయిన ఏడాది ఇల్లు ఎలా ఉండేదో రాసిన పేజీలు చాలా బాగున్నాయి. గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడి ముందు నాన్న ఒక్కసారిగా ఏడ్చేయడం చదివి కాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను. కానీ ఆ తర్వాత కథలో ఆయన నోరే తెరవరు. అమ్మ కుట్టుమిషను అమ్మేశారన్నావు, ఎందుకు అమ్మారో కూడా నువ్వే తేల్చేశావు. నా అభ్యంతరమంతా అక్కడే.

సారా పాలీ గురించి నువ్వు తెలుసుకోవాలి. 1979లో టొరంటోలో పుట్టింది. చిన్నప్పటి నుంచే నటి. 1990లో మొదలైన 'రోడ్ టు అవోన్లీ' సీరియల్‌తో కెనడాలో ఇంటింటి పిల్ల అయిపోయింది. అదే ఏడాది మొదట్లో, ఆమెకు పదకొండేళ్ళప్పుడు, వాళ్ళమ్మ క్యాన్సర్‌తో చనిపోయింది. పెద్దయ్యాక దర్శకురాలైంది. మొదటి ఫీచర్ సినిమా 'అవే ఫ్రమ్ హర్' 2006లో వచ్చింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏడేళ్ళు, కథ మాత్రం మతిమరుపు వ్యాధిలో జారిపోతున్న భార్యదీ ఆమె ముసలి భర్తదీ.

నీకు పనికొచ్చేది 2012 నాటి డాక్యుమెంటరీ, 'స్టోరీస్ వి టెల్'. తనను పెంచిన తండ్రి మైకేల్ కన్నతండ్రి కాడని ఆమెకు పెద్దయ్యాక తెలిసింది. ఇంకెవరైనా అయితే "నాకు ఇలా జరిగింది" అని తన గోడే వినిపించేవాళ్ళు. ఆమె అన్నల్ని, అక్కల్ని, అమ్మ స్నేహితుల్ని, ఇద్దరు తండ్రుల్నీ కెమెరా ముందు కూర్చోబెట్టి, ఎవరికి తెలిసింది వాళ్ళని చెప్పమంది. ఒకరి మాటకీ ఇంకొకరి మాటకీ పొంతన కుదరని చోట్లు అలాగే వదిలేసింది. మైకేల్ తన వైపు కథ తనే రాసుకుని, రికార్డింగ్ స్టూడియోలో చదువుతాడు. మధ్యలో ఆమె ఆపి, ఆ వాక్యం మళ్ళీ చదవమంటుంది. ఆయన చదువుతాడు. తన బాధని కూతురి కోసం రెండో టేక్ చెబుతున్న తండ్రి! ఆ ముక్క ఎడిటింగ్‌లో తీసేయడం ఎంత సులువు! ఆమె ఉంచింది. పగ్గాలు తన చేతిలో ఉన్నాయని మనకు తెలియనిచ్చింది. నాకు ఆమె మీద గౌరవం పెరిగింది అక్కడే.

కలం పట్టుకున్నాక నువ్వు కూడా ఆ కుర్చీలోనే ఉన్నావమ్మా. ఇంట్లో నీ మాట చెల్లకపోవచ్చు, కాగితం మీద మాత్రం నువ్వు చెప్పిందే చెల్లుతుంది.

కెమెరాకి ఎదురుగా ఉన్నవాళ్ళ అవస్థ సారాకి బాగా తెలుసు. ఎనిమిది తొమ్మిదేళ్ళ వయసులో ఒక భారీ సినిమా కోసం పేలుళ్ళ మధ్య పరుగెత్తాల్సి వచ్చిందని, ఎంత భయపడిందో 2022లో తన వ్యాసాల పుస్తకంలో రాసింది. అదే ఏడాది 'విమెన్ టాకింగ్' తీసింది. ఒక మతసమూహంలో అత్యాచారాలకు గురైన ఆడవాళ్ళు గడ్డివామి అటక మీద చేరి, ఉండిపోవాలా, పోరాడాలా, వెళ్ళిపోవాలా అని చర్చించుకునే కథ. ఆ దాడుల్ని తెరమీద చూపించలేదు. షూటింగ్‌లో పని గంటలు తగ్గించింది, సెట్‌లో థెరపిస్టుని పెట్టింది. దానికి అనుసరణ స్క్రీన్‌ప్లే విభాగంలో ఆస్కార్ వచ్చింది. 2023లో, మన 'నాటు నాటు'కి వచ్చిన రాత్రే. ఆ సంబరంలో మనవాళ్ళు చాలామంది ఈమెను గమనించనే లేదు.

తొందర గురించి కూడా ఒక మాట. 'ఎలియాస్ గ్రేస్' నవలను తెరకెక్కిస్తానని పదిహేడేళ్ళకే ఆ నవల రాసిన మార్గరెట్ ఆట్‌వుడ్‌కి సారా ఉత్తరం రాసింది. అప్పుడు కుదరలేదు. 2017లో అది సిరీస్‌గా వచ్చినప్పుడు స్క్రిప్టు ఆమెదే, నిర్మాతల్లో ఆమె ఒకరు. దర్శకత్వం మేరీ హారన్‌కి అప్పగించింది. నువ్వేమో వచ్చే నెల పోటీకి పంపేయాలని టెన్షన్ పడుతున్నావు.

పండగకి ఊరెళ్తున్నావు కదా, నాన్నని అడుగు. మిషను ఎవరికి అమ్మారు, ఎంతకి, ఆ డబ్బు ఏమైంది? వాదించకు. ఆయన చెప్పింది నీకు తప్పనిపించినా ఆయన మాటల్లోనే రాసుకో. ఆయన వద్దంటే కథ మానుకోమని నేను అనను, కానీ ఆ వద్దన్న మాట కూడా కథలోకి రావాలి. తిరిగి రాశాక నాకు పంపు. అప్పటిదాకా ఏ పత్రికకీ పంపకు.

ఆశీస్సులతో.