కెనడాలోని బ్రాంప్టన్‌లో షార్ట్ ఫిల్మ్ రాస్తున్న అమ్మాయికి

అమ్మాయికి ఆశీస్సులు.

నీ స్క్రిప్టు పూర్తిగా చదివాను. పదిహేను నిమిషాల షార్ట్ ఫిల్మ్ అన్నావు, పంపింది 38 పేజీలు. పేజీకి ఒక నిమిషం అనే లెక్క నీకు తెలిసే ఉంటుంది. గుంటూరులో నాన్న చేసిన అప్పు, బేస్‌మెంట్‌లో ఆరుగురు, వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టులు, వర్క్ పర్మిట్ టెన్షన్, బస్‌స్టాప్‌లో ఎవడో అన్న మాట, మధ్యలో ఒక ప్రేమ, చివర మంచులో ఏడుపు. పెళ్లి భోజనం మొత్తం ఒక్క టిఫిన్ బాక్సులో కుక్కావు. ఇందులో అబద్ధం ఏదీ లేదని నాకు తెలుసు. కానీ దేని దగ్గరా రెండు నిమిషాలు కుదురుగా కూర్చోలేదు నువ్వు.

మెయిల్లో అడిగావు, "కెనడాలో ఫెస్టివల్స్‌కి ఎలాంటి కథ కావాలి మాస్టారూ, ఇమిగ్రెంట్ కథలైతే తీసుకుంటారట కదా?" అని. ఎవరు చెప్పారో గానీ, ఆ లెక్కతో రాయడం మొదలుపెడితే రాసింది నీది కాకుండా పోతుంది. ఆ దేశం షార్ట్ ఫిల్ములు నేను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ఫలానా రకం కథ అని చెప్పడానికి నాకు ఇప్పటికీ చేతకాదు.

2019 ఆస్కార్ పోటీలో లైవ్ యాక్షన్ షార్ట్ విభాగంలో అయిదు నామినేషన్లు ఉంటే వాటిలో రెండు కెనడాలోని క్యూబెక్ రాష్ట్రానివి. జెరెమీ కోమ్ట్ తీసిన "ఫోవ్"లో ఇద్దరు పిల్లలు ఓపెన్‌కాస్ట్ గనిలో దూరి ఆడుకుంటారు. ఒకణ్ని ఒకడు బుకాయించడమే ఆట. ఒకడి కాళ్లు బురదలో దిగబడేదాకా అది ఆటే. మరియన్ ఫార్లీ తీసిన "మార్గరీట్"లో ఒక ముసలావిడ, ఆవిడకి స్నానం చేయించి మందులివ్వడానికి ఇంటికొచ్చే నర్సు. ఆ నర్సు ఒక అమ్మాయిని ప్రేమిస్తోందని తెలిశాక, వయసులో తనెవరికీ చెప్పని ఒక ప్రేమ ఆ ముసలావిడలో మెల్లగా కదులుతుంది. ఒకే రాష్ట్రం, ఒకే ఏడాది పోటీ. ఒకటి ఊపిరాడనివ్వదు, ఇంకోటి ఒక ఇల్లు దాటి పెద్దగా బయటికే రాదు. ఈ రెండూ చూసి "ఎలాంటి కథ కావాలి" అన్నదానికి జవాబు చెప్పగలవా? రెండూ ఇరవై నిమిషాల లోపే. ఇద్దరూ చేతికి దొరికినది చిన్నదే అయినా దాన్ని వదలకుండా పట్టుకున్నారు. నాకు కనిపించిన పోలిక అంతే.

"పెద్ద విషయం చెప్పాలని ఉంది" అన్నావు కాబట్టి ఒక పెద్ద విషయం సంగతే చెబుతాను. 1917 డిసెంబర్ 6న హాలిఫాక్స్ హార్బర్‌లో పేలుడు సామాను నింపుకొచ్చిన ఓడ ఇంకో ఓడని గుద్దుకుంది. ఆ పేలుడుకి ఊరి ఉత్తర భాగం నేలమట్టమైంది, దాదాపు 2 వేల మంది పోయారు. ఆ దేశ చరిత్రలో అంత పెద్ద ప్రమాదాలు తక్కువ. వెండీ టిల్బీ, అమండా ఫోర్బిస్ దాని మీద 2022లో "ది ఫ్లయింగ్ సెయిలర్" అని ఒక యానిమేషన్ తీశారు. నిడివి దాదాపు ఎనిమిది నిమిషాలు. ఆ రోజు ఒక బ్రిటిష్ నావికుడు పేలుడు ధాటికి గాల్లోకి లేచి చాలా దూరం అవతల, ఒంటి మీద బట్టలు లేకుండా, ప్రాణాలతో పడ్డాడు. ఇది నిజంగా జరిగింది. సినిమా అతను గాల్లో ఉన్న ఆ కాసేపే. లావుపాటి మనిషి, గులాబీ రంగు ఒళ్లు, మెల్లగా తిరుగుతూ పైకి పోతుంటాడు, బతికిన బతుకంతా ముక్కలు ముక్కలుగా కళ్ల ముందుకొస్తుంది. యుద్ధం గురించి, విచారణ గురించి, అనాథలైన పిల్లల గురించి ఉపన్యాసం లేదు. అవన్నీ తెలియక వదిలేశారా? బాగా తెలిశాకే వదిలేసి ఉంటారు. నీ 38 పేజీల్లో నువ్వు వదిలేసింది ఏదైనా ఉందా, నిజం చెప్పు.

ఏది వదలాలో ఎలా తెలుస్తుంది అంటావు. నేనైతే ముందు చేతిలో ఏముందో చూసుకోమంటాను. అలనిస్ ఒబోమ్సావిన్ పేరు విన్నావా? అబెనాకి ఆదివాసీ జాతికి చెందిన మనిషి. 1932లో పుట్టింది, ఇప్పటికి యాభైకి పైగా సినిమాలు తీసింది. ఆవిడ మొదటి సినిమా "క్రిస్మస్ ఎట్ మూస్ ఫ్యాక్టరీ", 1971లో వచ్చింది, పదమూడు నిమిషాలు. పేరులో ఫ్యాక్టరీ ఉన్నా అది ఊరే, ఒంటారియో ఉత్తరాన జేమ్స్ బే దగ్గర ఉంటుంది. అక్కడి రెసిడెన్షియల్ స్కూల్లో ఉన్న క్రీ జాతి పిల్లలు రంగు క్రేయాన్లతో గీసిన బొమ్మలు, వాళ్ల గొంతులు, సినిమా అంతా అవే. మంచు, కుక్కలు, ఇంట్లోవాళ్లు, పండగ. పిల్లలు తమ బొమ్మల గురించి తామే చెబుతారు. ఆ బడుల చరిత్ర ఏమిటో, పిల్లల్ని ఇళ్ల నుంచి విడదీసి సొంత భాష ఎలా మరిపించారో ఇవాళ కెనడాలో బడిపిల్లలకి కూడా తెలుసు. సినిమా అయితే కోపంగా ఒక్క మాట అనదు. అనకపోవడం వల్లే ఇప్పుడు చూస్తే గొంతు పట్టేస్తుంది. ఆవిడ తర్వాత కోపంగానూ తీసింది, చాలా గట్టిగా తీసింది. మొదటిసారి మాత్రం పిల్లలు గీసిన కాగితాలు చాలనుకుంది.

ఆర్థర్ లిప్సెట్ అని ఇంకొకాయన. కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డులో ఉద్యోగి, పాతికేళ్ల కుర్రాడు. అక్కడి ఎడిటింగ్ గదుల్లో ఇతరులు కోసి పారేసిన సౌండ్ ముక్కలు ఏరుకుని అతికించడం మొదలుపెట్టాడు. తర్వాత వాటికి ఫోటోలు జోడించాడు. అలా 1961లో "వెరీ నైస్, వెరీ నైస్" తయారైంది, ఏడు నిమిషాలు. దానికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. కథ ఏముంది అంటే చెప్పలేను. జనం మొహాలు, బాంబు పేలుళ్లు, సగంలో తెగిపోయిన మాటలు. అప్పటి భయమంతా అందులో ఉంది. (ఫిల్మ్ బోర్డు ప్రభుత్వానిది, దాన్ని ఇండిపెండెంట్ అనొచ్చా అని నీలాంటివాళ్లు వాదనకొస్తారు. జీతమిచ్చేది ప్రభుత్వమే. కానీ ఇలాంటి సినిమాలు ఏ మార్కెట్ లెక్కకీ అందేవి కావు, అందుకే బోర్డు సినిమాల్నీ ఇండిపెండెంట్ సినిమాల్నీ నేను కలిపే మాట్లాడతాను.)

మేరియమ్ జూబర్ సంగతి నీకు ఇంకా దగ్గరిది. మాంట్రియల్‌లో ఉండే ట్యునీషియా మూలాల అమ్మాయి. ట్యునీషియాలో కారులో పోతూ, గొర్రెలు కాసుకునే అన్నదమ్ములని చూసింది. ఎర్ర జుట్టు, మొహం నిండా మచ్చలు. ఫోటో తీసుకుంటానంటే ఒప్పుకోలేదు. ఆ మొహాలు ఆమెని వదల్లేదు. మళ్లీ వెళ్లి, వెతికి పట్టుకుని, కెమెరా ముందు ఎప్పుడూ నిలబడని ఆ పిల్లలతోనే "బ్రదర్‌హుడ్" తీసింది. సిరియా యుద్ధానికి పోయిన పెద్దకొడుకు గర్భిణి భార్యతో ఇల్లు చేరతాడు, తండ్రికి అనుమానం, అంతే. పాతిక నిమిషాలు. 2020లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ఐసిస్ మీద సినిమా తీద్దామని కూర్చుని ఉంటే ఆ పిల్లల మొహాలు ఆమెకి దొరికేవా? నాకు నమ్మకం లేదు.

ఇక నీ చేతిలో ఏముంది? స్క్రిప్టు ఎనిమిదో పేజీ తీసి చూడు. ఫ్రిజ్ తలుపుకి టేపుతో అంటించిన కాగితం. ఎవరు ఎన్ని గంటలకి స్టవ్ వాడుకోవాలి, ఎవరి బట్టలు ఏ రోజు వాషింగ్ మెషీన్‌లో వేయాలి అని గడులు గీసిన టైమ్‌టేబుల్. దాని మీద రెండు లైన్లు రాసి, తొమ్మిదో పేజీలో ప్రేమ కథలోకి దూకేశావు. నాకు మాత్రం ఆ కాగితం దగ్గర కాలు ఆగిపోయింది. నైట్ షిఫ్టు చేసేవాడికి మధ్యాహ్నం రెండింటికి స్టవ్. శనివారం మెషీన్ కోసం ఎవరు ఎవరితో గొడవపడ్డారో కొట్టివేతల్లో కనిపిస్తుంది. ఇంట్లోంచి వెళ్లిపోయినవాడి పేరు మీద వైట్‌నర్. కొత్తగా వచ్చినవాడు సూట్‌కేసుతో నిలబడి ఆ కాగితం చూస్తాడు, వాడి పేరు రాయడానికి గడి లేదు. వాడు ఆ రాత్రి ఎప్పుడు, ఎలా వండుకుంటాడు? ఎవరు తన గంటలోంచి ఇరవై నిమిషాలు ఇస్తారు, ఎవరు ఇవ్వరు, ఇవ్వనివాడి కారణం ఏమిటి? సినిమా అక్కడే ఉందమ్మా. బేస్‌మెంట్, షిఫ్టులు, డబ్బు, ఒంటరితనం అన్నీ వాటంతటవే ఆ వంటగదిలోకి వస్తాయి, నువ్వు డైలాగుల్లో మోసుకురానక్కర్లేదు. నాన్న అప్పు గురించి ఒక్క మాట చాలు. వండుతూ ఫోన్ స్పీకర్లో పెట్టినప్పుడు అవతల నుంచి "ఈ నెల పంపగలవా" అని వినిపిస్తే మనవాళ్లకి తక్కినది విడమరిచి చెప్పాలా?

ప్రేమ తీసేయ్. బస్‌స్టాప్ సీను బాగానే ఉంది, కానీ అది ఇంకో సినిమా. ఒక ఫైలులో దాచుకో.

మంచు గురించి కూడా ఒక మాట. కెనడా అనగానే మనవాళ్లు మంచులో నడిచే షాటుతో మొదలుపెడతారు. చూసేవాళ్లకి అది పోస్టుకార్డు. మంచు వస్తే పనిగా రావాలి. తడిసిన బూట్లు తలుపు దగ్గర విప్పితే పొద్దున్నకి ఆరాయా లేదా, పార వేసి దారి ఎవరు శుభ్రం చేయాలి, అది కూడా టైమ్‌టేబుల్లో ఉందా?

మన దగ్గర యూట్యూబ్ వచ్చాక షార్ట్ ఫిల్మ్ అంటే నిర్మాతకి చూపించే విజిటింగ్ కార్డు అయిపోయింది. అలా సినిమాల్లోకి వచ్చి బాగుపడినవాళ్లు ఉన్నారు, తప్పనను. నీ స్క్రిప్టులో కూడా ఆ వాసన తగిలింది. ఒక ఫైటు, ఒక పాట బిట్టు, క్లైమాక్సులో ట్విస్టు, అన్నీ చేయగలను చూడండి అన్నట్టు. క్యూబెక్ దర్శకుడు డెనీ విల్నవ్‌ని చూడు. రెండు పెద్ద సినిమాలు తీశాక 2008లో పన్నెండు నిమిషాల "నెక్స్ట్ ఫ్లోర్" తీశాడు. కొందరు పెద్దమనుషులు బల్ల చుట్టూ కూర్చుని మాంసం మేస్తూ ఉంటారు, బరువుకి నేల విరిగి కింది అంతస్తులో పడతారు, అక్కడా తింటూనే ఉంటారు. మాటలు దాదాపు లేవు. ఎవరికి ఏం నిరూపించుకోవాలని తీశాడది? ఆ ఆలోచనకి పన్నెండు నిమిషాలే సరిపోతాయి, ఇంకాస్త సాగదీస్తే చచ్చిపోతుంది. కేన్స్‌లో క్రిటిక్స్ వీక్ బహుమతి వచ్చింది, అది వేరే సంగతి.

డబ్బు విషయం అడిగావు. సొంతంగా కెమెరా కొనకు, అప్పు అసలే చేయకు. టొరంటోలో లిఫ్ట్ అని ఇండిపెండెంట్ ఫిల్మ్‌మేకర్ల సంఘం 1981 నుంచి ఉంది. విన్నిపెగ్‌లో ఇలాంటిదే 1974లో మొదలైంది, హాలిఫాక్స్‌లోనూ ఉంది. సభ్యులకి కెమెరాలు, ఎడిటింగ్ గదులు తక్కువ అద్దెకి ఇస్తారు, వర్క్‌షాపులు పెడతారు. అంతకంటే ముఖ్యం, అక్కడికి వెళితే నీలాగే నిద్ర చాలని మనుషులు నలుగురు తగులుతారు. నువ్వు వాళ్ల సెట్లో లైటు పట్టుకో, వాళ్లు నీ సెట్లో మైకు పట్టుకుంటారు. అక్కడి షార్ట్ ఫిల్ములు ఎన్నో ఇలా చేతిసాయంతో నడిచినవే.

ఒక్క జాగ్రత్త. నీతో ఉండే అయిదుగురి బతుకు తీస్తున్నావు. 1967లో న్యూఫౌండ్‌లాండ్‌లోని ఫోగో దీవిలో కోలిన్ లో అనే దర్శకుడు 27 చిన్న సినిమాలు తీశాడు. ఆ దీవి ఊళ్లని ఖాళీ చేయించాలని ప్రభుత్వం ఆలోచిస్తున్న రోజులవి. తీసినవి ముందు ఆ జాలర్లకే చూపించారు. వాళ్లు సరేనన్నాకే బయటికి పంపారు. పక్క ఊరివాళ్ల మాటలు తెర మీద విని, మన కష్టమూ ఇదేగా అనుకున్నారు. తర్వాత అక్కడ చేపలవాళ్ల సహకార సంఘం కూడా వచ్చింది. నీ సినిమా వల్ల సంఘాలు రావాలని నేననను. ఎవరి వర్క్ పర్మిట్ ఏ స్థితిలో ఉందో తెర మీద తెలిసిపోతే వాళ్లకి ఇబ్బంది. ఇంటి ఓనర్ చూస్తే ఇంకో ఇబ్బంది. స్క్రిప్టు వాళ్లకి చదివి వినిపించు. ఎవరైనా వద్దంటే ఆ ముక్క తీసేయ్, బతిమాలకు.

ఇక డైలాగులు ఇంగ్లీషులో పెట్టనా అని అడిగావు. "బ్రదర్‌హుడ్" అరబిక్‌లో ఉంది. ఇనుయిట్ ఆదివాసీ దర్శకుడు జకారియాస్ కునుక్ తన భాష ఇనుక్టిటుట్‌లో తీస్తాడు, క్యూబెక్ వాళ్లు ఫ్రెంచ్‌లో తీస్తారు. అన్నీ కెనడా సినిమాలే. ఆ వంటగదిలో ఆరుగురు ఏం మాట్లాడుకుంటారో అదే రాయి. గుంటూరు అబ్బాయి గుంటూరులా, కరీంనగర్ అబ్బాయి కరీంనగర్‌లా, పంజాబీ కుర్రాడు వచ్చినప్పుడు అందరూ కలిసి వచ్చీరాని హిందీలో. సూపర్‌వైజర్ ఫోన్ చేసినప్పుడు ఇంగ్లీషు, అదీ గొంతు మార్చి. సబ్‌టైటిల్స్ మాత్రం నువ్వే రాసుకో, యాప్‌కి వదిలేయకు.

కొత్త స్క్రిప్టు పన్నెండు పేజీలు దాటితే నాకు పంపకు. దాంతోపాటు ఆ ఫ్రిజ్ కాగితం ఫోటో తీసి పంపు, పేర్లు చెరిపేసి.

ఇట్లు,
మీ మాస్టారు