రాళ్లవానకు తడిసిన గోధుమలు తినొచ్చా, బర్రెకు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా కిన్వట్ దగ్గర. రెండెకరాల గోధుమ కోసి కట్టలు పొలంలనే ఉంచినం, మూడు రోజులు రాళ్లవాన. ఇప్పుడు గింజ కొన నల్లగైంది, కొన్ని సంచులు గడ్డలు కట్టి ముక్కిన వాసనొస్తున్నయి. బేపారి వద్దంటుండు. కడిగి ఎండబెట్టి తినొచ్చా? లేకుంటే బర్రెకన్న పెట్టొచ్చా సార్?

జవాబు: అన్నా, ముందు ఆ సంచులన్నీ ఒక్క కుప్ప చెయ్యకండి, మీరు రాసినవి రెండు వేరే సమస్యలు. గింజ గట్టిగానే ఉండి మొలకొచ్చే కొన ఒక్కటే నల్లగుంటే దాన్ని బ్లాక్ పాయింట్ అంటాం, పంట పండేటప్పుడు తేమ ఎక్కువైతే ఆల్టర్నేరియా లాంటి బూజులు అక్కడ చేరతాయి. పిండి కొంచెం నల్లగొస్తది, రేటు తగ్గుతది, కానీ వాసన లేకుంటే ఆ మచ్చకే పంట పారెయ్యక్కర్లేదు. ఎవరైనా కర్నాల్ బంట్ అని భయపెడితే గింజ నలిపి చూడండి, నల్లపొడి రాలి చేపల కంపు కొడితేనే అది, అయినా అది ఎక్కువగా ఉత్తరాది రోగం.

నా భయమంతా ఆ గడ్డకట్టిన సంచుల గురించే. ఫ్యుసేరియం బూజు డాన్ అనే విషం వదులుతది, ఆస్పర్జిల్లస్ అయితే అఫ్లాటాక్సిన్. కడిగితే పైన బూజు పోతది గానీ గింజ లోపలికి దిగిన విషం పోదు, రొట్టె కాల్చినా పోదు. 1987లో కాశ్మీర్ లోయలో వానకు తడిసి బూజు పట్టిన గోధుమల పిండి తిని చాలామంది కడుపునొప్పితో పడ్డారు, హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు చూస్తే ఆ పిండిలో డాన్ తేలింది.

బర్రెకూ వద్దు. పైకి బర్రె బానే కనిపిస్తది, ఇబ్బందే అది, అఫ్లాటాక్సిన్ పాలల్లోకి దిగుతది, ఆ పాలు కాచినా పోదు, తాగేది మీ ఇంట్లో పిల్లలే. కోళ్లకైతే అసలే వెయ్యకండి. ఆ సంచులు గుంట తీసి పూడ్చెయ్యండి, నష్టమే, కాదనను.

మంచి గింజను పల్చగా ఆరబోసి తేమ 12 శాతానికి తేవాలి, మీటర్ లేకుంటే పంటికింద పెట్టి చూడండి, టక్కుమని విరగాలి. సంచులు గోడకు ఆనకుండా చెక్కల మీద పెట్టండి. విత్తనానికి ఉంచుకుంటే 100 గింజలు తడి గోనెలో చుట్టి చూడండి, 85 మొలవకుంటే కొత్త విత్తనమే కొనాలి. తూర్పారబట్టేటప్పుడు మాత్రం ముక్కుకు తువ్వాల కట్టుకోండన్నా, ఆ బూజు దుమ్ము పీల్చొద్దు.