రంగు ఒక్కటే చూస్తే పేరు దొరకదు

ప్రశ్న: పగడపు దిబ్బ దగ్గర నీలం ఒంటి మీద నల్ల చారలు, చుట్టూ నారింజ అంచు ఉన్న సీ స్లగ్‌ను (గుల్ల లేని సముద్రపు నత్తను) ఫొటో తీశాను. పుస్తకం తిరగేస్తే అచ్చం అలాంటివే నాలుగైదు కనిపిస్తున్నాయి. ఇది ఏదో ఎలా తేల్చుకోవాలి?

జవాబు: మీ ఫొటో పెద్దది చేసుకుని చాలాసేపు చూశాను. క్రోమోడోరిస్ ప్రజాతి అనడంలో సందేహం లేదు. నల్ల చారల మధ్య నీలంలో చూడండి, సూదితో పొడిచినట్టు సన్నని ముదురు చుక్కలు ఉన్నాయి. ఆ చుక్కలే దీన్ని క్రోమోడోరిస్ అన్నే అని చెబుతున్నాయి. దీనికి బాగా దగ్గరి పోలిక ఉన్న ఎలిసబెతినాకు నీలం శుభ్రంగా ఉంటుంది, చుక్కలుండవు. మాగ్నిఫికాకైతే నారింజ పట్టీ వెడల్పుగా ఉండి, దాని బయట తెల్లని అంచు ఉంటుంది.

నారింజ అంచే లేని నీలివి కనబడితే అప్పుడు మొప్పలు చూడాలి. వీపు వెనక భాగంలో గుత్తిగా నిలబడేవే మొప్పలు. తల మీది రెండు కొమ్ములు రైనోఫోర్లు, వాసన పట్టేది వాటితోనే. ఈ రెంటి మీదా తెల్లని చుక్కలు చిలకరించినట్టు ఉంటే అది విల్లానీ. చుక్కలు లేకుండా ఒకే రంగులో ఉంటే లోఖీ కావచ్చు. ఫొటోలు తీసేవాళ్లు చారలన్నీ చక్కగా వచ్చేలా పైనుంచి తీసి, తేడా చెప్పే ఈ భాగాలనే మసకగా వదిలేస్తుంటారు. నాకు నిజంగా బాధగా ఉంటుంది. పక్క నుంచి ఒకటి, తల దగ్గర ఒకటి, మొప్పల దగ్గర ఒకటి తీయండి. అది దేని మీద పాకుతోందో కూడా ఫొటోలో పడాలి.

ఇన్ని జాతులకు ఒకే రకం రంగులు ఉండటం వెనక కారణం ఉంది. ఇవి స్పాంజీలనే సముద్ర జీవులను తిని, వాటిలోని లాట్రంక్యులిన్ ఎ అనే విషాన్ని ఒంటి అంచులోనే దాచుకుంటాయి. చేప మొదట కొరికేది ఆ అంచునే కదా! ఒకసారి నోరు చేదైన చేప ఆ రంగున్న ఇంకో జాతి జోలికి కూడా పోదు. అంటే రంగు వీటన్నిటి ఉమ్మడి హెచ్చరిక. దాన్ని బట్టి విడివిడిగా పేరు పెట్టబోతే పప్పులో కాలేసినట్టే.

మీ దగ్గరున్నది పాత పుస్తకమైతే ఇంకో చిక్కు ఉంది. 2012లో డీఎన్ఏ ఆధారంగా ఈ కుటుంబం పేర్లన్నీ సర్దారు. అంతకుముందు క్రోమోడోరిస్ కునియేయి అన్నది ఇప్పుడు గోనియోబ్రాంకస్ కునియేయి. బొమ్మ సరిపోయి పేరు సరిపోకపోతే కంగారు పడకండి.

ప్రశ్న: నల్లగా, ఒంటి నిండా గులాబీ రంగు బొడిపెలతో ఒకటి కనిపించింది. వీపు మీద మొప్పలు లేనే లేవు. అయినా సీ స్లగ్ అనవచ్చా?

జవాబు: అనవచ్చు. ఫిలిడియెల్లా పుస్టులోసా అయ్యే అవకాశం ఎక్కువ. ఈ కుటుంబంలో మొప్పలు వీపు మీద ఉండవు, ఒంటి అంచు కింద ఇరుపక్కలా దాగి ఉంటాయి. ముట్టుకోవద్దు, బతికున్నదాన్ని చేపల తొట్టిలో అసలే వేయొద్దు. ఇవి వదిలే విషానికి తొట్టిలోని మిగతా ప్రాణులు చచ్చిపోగలవు.

అయితే ఒకటి సరిచూసుకోండి. అది గట్టిగా, మందంగా ఉందా, లేక రాతికి కాగితంలా అంటుకుని అంచులు అలల్లా కదులుతున్నాయా? కాగితంలా ఉంటే అది సూడోసెరోస్ ఇమిటేటస్ అనే బల్లపరుపు పురుగు కావచ్చు. దాని వేషం సరిగ్గా ఈ ఫిలిడియెల్లాదే. పురుగుకు విడిగా నిలబడే రైనోఫోర్లు ఉండవు, తల అంచే రెండు మడతలుగా పైకి లేస్తుంది. పియర్సనోథూరియా గ్రేఫియై అనే సముద్ర దోసకాయ (దోసకాయలా పొడుగ్గా ఉండే సముద్ర జీవి) పిల్లలు కూడా చిన్నప్పుడు ఇదే కుటుంబంలోని ఫిలిడియాల రంగులే వేసుకుని తిరుగుతాయి, పెద్దయ్యాక పోలికే ఉండదు. ఇంతమంది వేషం కడుతున్నారంటే ఆ విషానికి దిబ్బలో ఎంత పేరుందో చూడండి!

ప్రశ్న: రాతికి అంటుకుని గులాబీ పువ్వులాంటిది చూశాను. ముట్టుకుంటే మెత్తగా ఉంది. పగడమా?

జవాబు: పగడం కాదు, గుడ్లు. హెక్సాబ్రాంకస్ సాంగ్వినియస్ పెట్టిన గుడ్ల రిబ్బన్ అది. స్పానిష్ డాన్సర్ అని డైవర్లు పిలిచే ఈ ఎర్రటి జీవి 40 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, బెదిరితే ఒళ్లంతా అలలుగా ఊపుతూ ఈదుతుంది. క్రోమోడోరిస్ మొప్పల్లాగా దీని మొప్పలు ఒక సంచిలోకి ముడుచుకుపోవు, అది కూడా గుర్తే.

ఇకపై చేయి పెట్టకండి, చూపు మాత్రం బాగా పెట్టండి. రిబ్బన్ మడతల్లో ఆ గుడ్లనే తింటూ ఫావోరినస్ అనే చిన్న సీ స్లగ్ ఉండవచ్చు. కొమ్ముల మీద ఉబ్బెత్తు ముడులు, వీపు నిండా వేళ్లలాంటివి ఉంటే అదే. తిన్న గుడ్ల రంగు ఆ వేళ్లలోంచి బయటికి కనబడుతుంది కాబట్టి గులాబీ మధ్యలో గులాబీగానే ఉంటుంది. మాక్రో లెన్స్ ఉంటే మడతలన్నీ ఒక్కొక్కటిగా వెతకండి.