ఎలక్ట్రిక్ గిటార్ సొంతంగా తయారు చేసుకోవచ్చా? మేం ఒకటి చేశాం, పుర్రచేతిది

"నేనూ నా స్నేహితుడూ కలిసి మాకు నచ్చిన ఆకారంలో ఎలక్ట్రిక్ గిటార్ తయారు చేసుకోవాలనుకుంటున్నాం. ఇద్దరికీ వడ్రంగం రాదు. కుదిరే పనేనా? కొన్నదానికంటే చవకా?" అని అడిగారు.

చవక కాదు. ముందు ఆ ఆశ వదిలేసుకోండి. కుదిరే పనేనా అంటే కుదురుతుంది, మెడ (మెట్లుండే పొడుగు చెక్క) మీరు చెయ్యకుండా కొనుక్కుంటే. ఈ ఒక్క మాట పట్టుకుని పని మొదలుపెట్టినా చాలు. మిగతాది మా అనుభవం, తీరిక ఉంటే చదవండి.

మేం ఉండేది విజయనగరం. నాతో కలిసి చేసిన మావాడు, అంటే నా స్నేహితుడు, పుర్రచేతివాడు. చిన్నప్పుడు ఆ చేత్తో ముద్ద కలపబోతే వీపు మీద ఒకటి పడేదట. రాయడం, తినడం కుడిచేతికి మార్పించారు గానీ, గిటార్ పట్టుకునేసరికి చెయ్యి మళ్లీ దాని దారికే పోయింది. మా చుట్టుపక్కల షాపుల్లో ఎడమచేతి గిటార్ అడిగితే మనిషిని వింతగా చూస్తారు. ఆర్డరు పెడితే తెప్పిస్తారు, అదీ ఏదో ఒక మోడల్, నలుపు రంగు. కొన్నాళ్లు కుడిచేతి గిటార్‌నే తిరగేసి, తీగలు తారుమారు చేసి వాయించాడు. అమెరికా గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ కూడా అంతేగా అనేవాడు. నిజమే. కానీ తిరగేస్తే సౌండు పెంచే తగ్గించే నాబ్‌లు పైకొస్తాయి, మోచెయ్యి తగిలి పాట మధ్యలో సౌండు ఆగిపోయేది. పై మెట్లు అందడానికి బాడీలో తవ్వే ఒంపు కూడా అవతలి పక్కకి పోతుంది. అలా రెండేళ్లు తిప్పలు పడ్డాక, 'మనమే చేసేద్దాంరా' అన్నాడు.

వాడికి ధైర్యం ఇచ్చింది బ్రయాన్ మే కథ. క్వీన్ బ్యాండులో వాయించే ఆయన తన గిటార్‌ని 1963లో వాళ్ల నాన్నతో కలిసి ఇంట్లోనే మొదలుపెట్టాడు. మెడకి పాత నిప్పుగూటి చెక్క, మెట్ల గుర్తులకి ముత్యపుచిప్ప బొత్తాలు, తీగల్ని వణికించే మీటకి పాత మోటార్‌సైకిల్ స్ప్రింగులు. దాదాపు రెండేళ్లు పట్టింది. ఆ గిటార్‌నే తర్వాత దశాబ్దాలుగా వాయిస్తూ వచ్చాడు. మావాడు ఆ కథలో పాత చెక్క వరకే విన్నాడు, రెండేళ్లు అన్న ముక్క వినలేదు.

పాత చెక్క మాకూ దొరికింది. వాళ్ల పెదనాన్నగారి పెంకుటిల్లు పడగొడుతుంటే ఒక పనస దూలం మిగిలింది. పనస అనగానే మా వైపు ఎవరికైనా బొబ్బిలి వీణ గుర్తొస్తుంది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి వీణ చేస్తారు. మనదీ అదే చెక్క అని మేం సంబరపడ్డాం. సంబరం సగమే నిజం, దాని సంగతి కింద చెబుతాను. పాత చెక్కలో అసలు లాభం వేరు. ఏళ్ల తరబడి ఆరి ఉంటుంది, ఇక అంతగా వంకర తిరగదు. కోత మిల్లులో పచ్చి చెక్క కొని గిటార్ చేస్తే రెండు వానాకాలాలకి దాని రూపం అదే మార్చుకుంటుంది. ఎర్రచందనంతో చేస్తే ఎలా ఉంటుందని ఒక మిత్రుడు అడిగాడు. గిటార్ మాటేమో గానీ అటవీ శాఖ వాళ్లు మాత్రం తప్పకుండా వచ్చి వింటారు.

పాత దూలంతో ఒక ప్రమాదం ఉంది: లోపల మేకులు. చెక్కలో గుంటలు తవ్వే రౌటర్ మిషన్ బిట్టు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంటుంది, మేకు తగిలితే విరిగి ముక్క ఎటు ఎగురుతుందో తెలీదు. పాత స్పీకరులోంచి అయస్కాంతం తీసి దూలమంతా తడిమాం. మూడు చోట్ల పట్టింది. పైకి ఒక్క మేకూ కనబడలేదు, తలలు ఎప్పుడో విరిగిపోయి పొట్టలో ఉండిపోయాయి.

మాకు కలిసొచ్చింది మావాడి నాన్నగారు. నేను బాబాయ్ అంటాను. ఆయనది వడ్రంగమే, ద్వారబంధాలు, కిటికీలు, మంచాలు. మేం అట్ట మీద గీసిన బొమ్మ చూపిస్తే చాలాసేపు తిప్పి తిప్పి చూశారు.

"దీనికి కాయ ఏదిరా? లోపల బోలు లేకపోతే మోత ఎక్కణ్నుంచి వస్తుంది?"

ఆయన అడిగింది సరైన ప్రశ్న. వీణలో చెక్క మోగుతుంది. ఇక్కడ మోగాల్సిన పని చెక్కది కాదు. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత రాగితీగ కొన్ని వేల చుట్లు. పైన ఉక్కు తీగ కదిలితే ఆ చుట్లలో సన్నని కరెంటు పుడుతుంది, ఆంప్లిఫయర్ దాన్ని పెద్దది చేస్తుంది. కరెంటు పోతే ఇది మంచం కోడుతో సమానం అని చెబితే నవ్వారు. పనస సంబరం సగమే నిజం అన్నది ఇందుకే. ఏ చెక్కకి ఏ స్వరం వస్తుందని గంటలకొద్దీ వాదించుకునేవాళ్లున్నారు. నా మటుకు నాకు చెక్క వల్ల తేడా వచ్చేది బరువులోనూ, అందంలోనూ. సౌండులో తేడా పికప్‌ల వల్ల, తీగల వల్ల, కొలతల వల్ల వస్తుంది. మాది 3.9 కిలోలు తూగింది, కొంచెం ఎక్కువే. పసుపు రంగు పనస ఎండ తగిలి ఇప్పుడు తేనె రంగుకి తిరుగుతోంది, దానికి మాత్రం ఖరీదు కట్టలేను.

ఇక మెడ ఎందుకు కొనమంటున్నానో చెబుతాను. తీగ మొదలయ్యే నట్ (మెడ కొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ) నుంచి అవతలి ఆనిక, అంటే బ్రిడ్జి దాకా ఉన్న దూరాన్ని స్కేలు అంటారు. మాది 648 మిల్లీమీటర్లు, ఫెండర్ కంపెనీ గిటార్లలో ఎక్కువగా ఉండే కొలత. దాన్ని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు ఎక్కడో తేలుతుంది: 36.4 మిల్లీమీటర్లు. మిగిలినదాన్ని మళ్లీ 17.817తో భాగిస్తే రెండోది. అలా పోతే పన్నెండో మెట్టు సరిగ్గా సగం దగ్గర, 324కి వస్తుంది. లెక్క సులువే, కోయడమే కష్టం. చోటు తప్పితే ఆ మెట్టు మీద ప్రతి స్వరమూ అపస్వరమే. వీణలో మెట్లు మైనంలో కూర్చుంటాయి, మేళం కట్టేటప్పుడు చెవితో విని అటూ ఇటూ జరపొచ్చు. గిటార్‌లో గాడి కోశాక కోసినట్టే. పైగా మెడ లోపల ఇనప కడ్డీ ఉండాలి, తీగల లాగుడుకి మెడ వంగిపోకుండా. ఇవన్నీ కలిపి మొదటి ప్రయత్నంలోనే చేస్తామంటే బాబాయ్ కూడా ఒప్పుకోలేదు, "నా వల్ల కాదు, కొనెయ్యండి" అన్నారు.

కుడిచేతి మెడనే కొని తిరగేశాం. ఎడమచేతిది దొరకలేదు. నట్ తీసి తిప్పి పెట్టాలి. చెవులన్నీ (తీగలు బిగించే బిరడాలు) నేల వైపు తిరుగుతాయి, అలవాటైపోతుంది. వాయించేవాడికి కనబడేలా మెడ అంచున ఉండే చుక్కలు మాత్రం అవతలి పక్కకి పోయాయి. ఇవతల అంచున 2 మిల్లీమీటర్ల బిట్టుతో కొత్తగా తొలిచి, తెల్ల ప్లాస్టిక్ పుల్ల దింపి, ఎమ్రీ పేపర్‌తో చదును చేశాం. ఒక్క సాయంత్రం పని.

బాడీకి దూలం వెడల్పు చాలలేదు. రెండు పలకలు చిత్రిక పట్టి, ఫెవికాల్ పూసి, క్లాంపులు బిగించి రెండు రోజులు ముట్టుకోలేదు. మందం 45 మిల్లీమీటర్లు. ముందు ప్లైవుడ్‌తో ఫర్మా చేసుకుని, దాని అంచు పట్టుకుని రౌటర్ నడపాలి. నేరుగా చెక్క మీద చేత్తో నడిపితే పాడైపోతుంది. మెడ కూర్చునే గుంట 16 మిల్లీమీటర్ల లోతు, బిగుతు ఎంతుండాలంటే మరలు లేకుండా మెడ పట్టుకుని ఎత్తితే బాడీ కూడా లేవాలి. ఈ పని రౌటర్‌తో దగ్గరికి తెచ్చి, చివరి అర మిల్లీమీటరు బాబాయ్ ఉలితో తీశారు. మీకు వడ్రంగం రాదన్నారు కదా, ఈ ఒక్క ఘట్టానికి తెలిసిన మేస్త్రిని కూర్చోబెట్టుకోండి.

ఇప్పుడు అసలు తప్పు. చేసింది నేనే. ఎలక్ట్రానిక్స్ చదివానని కొలతల పెత్తనం నాకిచ్చారు. బ్రిడ్జి స్థానం కోసం 648 కొలిచాను, నట్ వెనక అంచు నుంచి. కొలవాల్సింది ముందు అంచు నుంచి, తీగ గాల్లోకి వదిలేది అక్కడే. నట్ మందం 3 మిల్లీమీటర్లు. అంటే బ్రిడ్జి మూడు మిల్లీమీటర్లు మెడ వైపు జరిగిపోయింది. 'మూడు మిల్లీమీటర్లేగా, బ్రిడ్జిలో సర్దుకునే స్క్రూలు ఉంటాయిగా' అనుకుంటారు. నేనూ అనుకున్నాను. కానీ తీగని మెట్టు మీద నొక్కితే అది కొంచెం సాగుతుంది, స్వరం పైకి పోతుంది. దాన్ని సరిచెయ్యడానికి ప్రతి తీగనీ లెక్క కంటే కాస్త పొడుగ్గా ఉంచాలి. సన్న తీగకి ఒకటి రెండు మిల్లీమీటర్లు, లావు తీగకి నాలుగైదు. నా మూడు, ఆ నాలుగు కలిసి ఏడు. స్క్రూ వెనక్కి జరిగేది అయిదే.

తీగలు బిగించి, ట్యూనర్ పెట్టుకుని, లావు తీగని పన్నెండో మెట్టు మీద నొక్కితే సూది కుడికి పోయింది. స్క్రూ తిప్పుతూ పోయాను, చివరికి వచ్చేసింది, సూది ఇంకా కుడివైపే. అప్పటికే పాలిష్ కూడా పెట్టేశాం. మావాడు ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధపెట్టింది. రెండు రోజులు ఫోను కూడా చెయ్యలేదు.

బాబాయ్ మాత్రం, "ద్వారబంధానికి గడియ తప్పు కొడితే తలుపు పారేస్తామా?" అని, అదే దూలం ముక్కతో సన్న పుల్లలు చెక్కి, పాత స్క్రూ కన్నాల్లో ఫెవికాల్‌తో దింపి కోసేశారు. తర్వాత ఒక దారం తీసుకున్నారు. నట్‌లో రెండు చివరి గాళ్ల నుంచి రెండు దారాలు లాగి బ్రిడ్జి మీదకి తెచ్చి, మెడకి రెండు పక్కలా జాగా సమానంగా ఉందా లేదా చూసి, అప్పుడు కొత్త గుర్తు పెట్టారు. మేం స్టీలు స్కేళ్లతో ఒక ఆదివారమంతా చేసిన పని. మీరు బ్రిడ్జి కన్నాలు పెట్టేముందు రెండు చివరి తీగలు తాత్కాలికంగా కట్టి చూడండి. బ్రిడ్జిని డబుల్ సైడ్ టేపుతో అంటించినా చాలు. ఆ తర్వాతే డ్రిల్లు.

పాలిష్ గురించి ఒక్క మాట. స్పిరిట్‌లో లక్క కరిగించి గుడ్డతో పూసే పాత పద్ధతి పెట్టాం. చూడ్డానికి అద్భుతం. మన ఎండాకాలంలో మోచెయ్యి ఆనేచోట చెమటకి జిగటైపోయింది. గీకేసి పీయూ (పాలియురేథేన్ పాలిష్) కొట్టించాం.

వైరింగు నా విభాగం, అక్కడా ఒకటి మర్చిపోయాను: బ్రిడ్జి కింద నుంచి ఎర్త్ వైరు. అది లేకపోతే గుయ్యిమంటుంది, తీగలు పట్టుకున్నా తగ్గదు. గుంటల లోపల రాగి టేపు అంటించి, దాన్నీ ఎర్త్‌కి కలిపాక నిమ్మళించింది. మీ తీగలన్నీ ఆంప్లిఫయర్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి కాబట్టి ఇంట్లో మూడు పిన్నుల సాకెట్‌లో ఎర్త్ నిజంగా పనిచేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత ఇళ్లలో చాలాసార్లు ఆ మూడో కన్నం అలంకారమే.

పుర్రచేతికి ఇంకో చిక్కుంది, ఎక్కడా ఎవరూ చెప్పలేదు. వాల్యూమ్ పాట్‌ని (నాబ్ కింద ఉండి సౌండు పెంచే తగ్గించే భాగం) ఎడమచేతికి తగ్గట్టు తిరగేసి కలిపితే, మామూలు ఆడియో రకం పాట్‌లో తిప్పుడంతా ఒక కొసకి పోతుంది. కొంచెం కదిపితే ఉన్నట్టుండి మొత్తం, లేదా ఏమీ లేదు. ఎడమచేతి కోసం చేసిన రివర్స్ పాట్‌లు ఉంటాయి, మాకు దొరకలేదు. తిప్పినంత మేరా సమానంగా మారే లీనియర్ రకం, బి500కె వేశాం. పూర్తిగా బాగుందనను, బతకొచ్చు. పికప్‌లు రెండూ హంబకర్లు (రెండేసి తీగచుట్టలు ఉండే రకం) కాబట్టి 500 కిలో ఓములు. ఒకే చుట్ట ఉండే సింగిల్ కాయిల్ అయితే మామూలుగా 250 వేస్తారు.

నాబ్‌లు మాత్రం మా గర్వం. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు చెక్కని లేతుకి పెట్టి, తిరుగుతుండగానే లక్క అద్ది బొమ్మలు చేస్తారు. అక్కడ ఒకాయన్ని అడిగితే 6 మిల్లీమీటర్ల కన్నంతో రెండు చిన్న గుబ్బలు చేసిచ్చారు, ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. బొంగరాలనుకుని మావాడి మేనకోడలు రెండుసార్లు పీకేసింది.

ఖర్చు: మెడ 6,800, పికప్‌లు 3,400, బ్రిడ్జి 1,250, చెవులు 1,400, పాట్‌లు, స్విచ్, జాక్ కలిపి 850, రాగి టేపు 350, రౌటర్ బిట్లు 900, పాలిష్ రెండుసార్లకీ 600, ప్లైవుడ్, ఎమ్రీ 500. తీగల సెట్లు మూడు, 1,800, అందులో ఒకటి నా మూడు మిల్లీమీటర్ల పుణ్యమే. మొత్తం 17,850. చెక్క ఊరికే వచ్చింది, బాబాయ్ కూలి తీసుకోలేదు, రౌటర్ ఆయనదే. ఇవీ కలిపితే ఇంకా పైనే. ఆ డబ్బుకి షాపులో మంచి గిటారే వస్తుంది. ఆదివారాలు మాత్రమే చేశాం, ఏడు నెలలు పట్టింది.

ఇద్దరు కలిసి చేస్తున్నారు కాబట్టి, గిటార్ ఎవరింట్లో ఉంటుందో ముందే అనుకోండి. మాకు ఆ గొడవ రాలేదు. అది నాకు పట్టుకోవడం కూడా రాదు, నాది కుడిచెయ్యి.

ముందు మెడ కొని చేతికి తెచ్చుకోండి. దాని మడమ (బాడీ గుంటలో కూర్చునే కొస) వెడల్పు, మందం, స్కేలు కొలిచి ఇక్కడ రాస్తే ఫర్మా గియ్యడానికి సాయం చేస్తాను. నట్ ముందు అంచు నుంచే కొలవండి.