పెద్దవారిలో ఏడీహెచ్‌డీ: వీడియో కాల్‌లో తేలేది ఎంత?

పెద్దవారిలో ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం, దుడుకుతనం కనబడే మానసిక సమస్య) గురించి, దాని కోసం ఆన్‌లైన్‌లో సైకియాట్రిస్టును సంప్రదించడం గురించి వచ్చిన ఉత్తరాలలో మూడింటికి ఈ సంచికలో జవాబిస్తున్నాను. రాసినవారి వివరాలు బయటపడకుండా ఉత్తరాలను కుదించాను.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, ఉద్యోగం చేస్తున్నాను. మా తొమ్మిదేళ్ల బాబుకు ఈ మధ్యే ఏడీహెచ్‌డీ ఉందని నిర్ధారించారు. డాక్టరు గారు వాడి గురించి ఒక్కో ప్రశ్నా అడుగుతుంటే అవన్నీ నా గురించే అడుగుతున్నట్టు అనిపించింది. నాకు పరధ్యానం ఎక్కువని చిన్నప్పటి నుంచీ అనేవారు. ఇప్పటికీ మొదలుపెట్టిన పని ఒక కొలిక్కి రాదు, చేతిలో డబ్బుండి కూడా బిల్లులు గడువు దాటాకే కడతాను. ఇంటర్నెట్‌లో ఆరు ప్రశ్నల పరీక్ష ఒకటి చేస్తే ‘అవకాశం ఎక్కువ’ అని వచ్చింది. మావారు మాత్రం ఇదంతా బద్ధకమేనంటున్నారు. నేరుగా వెళ్లే వీలు లేదు కనుక ఆన్‌లైన్‌లో సైకియాట్రిస్టుతో మాట్లాడదామనుకుంటున్నాను. తెర మీద చూసి దీన్ని నిజంగా నిర్ధారించగలరా?

జవాబు: తగినంత సమయం తీసుకుంటే నిర్ధారించగలరు. ఏడీహెచ్‌డీని పట్టి ఇచ్చే రక్తపరీక్ష గాని స్కానింగు గాని ఇప్పటికీ లేదు. మీరు క్లినిక్కులో ఎదురుగా కూర్చున్నా, తెర మీద కనిపించినా డాక్టరుకు ప్రధాన ఆధారం మీరు చెప్పే గతమూ, మిమ్మల్ని ఎరిగినవారు చెప్పే మాటలే. వాటిని రాబట్టడానికి స్టెతస్కోపు అక్కర్లేదు, ఓపిక కావాలి. అందుకే వీడియో సంప్రదింపుకు బాగా ఒదిగే మానసిక సమస్యలలో దీన్ని ఒకటిగా నేను లెక్కిస్తాను.

మీరు చేసిన పరీక్ష బహుశా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో తయారైన ప్రశ్నావళిలోని మొదటి భాగం అయివుంటుంది. దానిలోని ఆరు ప్రశ్నలలో కనీసం నాలుగింటికి మీ జవాబులు నిర్ణీత స్థాయికి చేరితే, లోతుగా పరిశీలించుకోవడం మంచిదని అర్థం. అది జల్లెడ మాత్రమే. సరిపడా నిద్ర లేనివారూ, ఆందోళనతోనో డిప్రెషన్‌తోనో సతమతమవుతున్నవారూ దానిలో చిక్కుకుంటారు. నిర్ధారణకు డాక్టర్లు పాటించే ప్రమాణం ఇంతకన్నా కఠినమైనది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన మానసిక సమస్యల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 ప్రకారం ఏకాగ్రత లోపానికి సంబంధించి తొమ్మిది, అతిచురుకుదనం, దుడుకుతనాలకు సంబంధించి మరో తొమ్మిది లక్షణాలు ఉన్నాయి. 17 ఏళ్లు, ఆపై వయసువారిలో ఈ రెండు వర్గాలలో ఏదో ఒకదానిలోనైనా కనీసం ఐదు లక్షణాలు ఆరు నెలలకు తగ్గకుండా కొనసాగాలి, అవి ఇంట్లోనే కాక పనిచేసే చోటా కనబడి జీవితాన్ని ఇబ్బంది పెడుతుండాలి, వాటిలో కొన్ని 12 ఏళ్లు నిండకముందే బయటపడి ఉండాలి. నా దృష్టిలో ఈ చివరి షరతే అన్నిటికన్నా ముఖ్యం. తొందరలో ఉన్న డాక్టరు మొదట వదిలేసేదీ దాన్నే.

కాబట్టి కాల్‌కు ముందు మీరు చేయవలసిన పని మీ బాల్యాన్ని వెతకడం. పాత ప్రోగ్రెస్ రిపోర్టులు దొరికితే ఫొటోలు తీసి పంపండి. ‘తెలివైనదే గాని పాఠం మీద ధ్యాస నిలపదు’ అని ఏ టీచరో రాసిన ఒక్క వాక్యం, ఇప్పుడు మీరు నింపే పది ప్రశ్నావళులకన్నా ఎక్కువ పనికివస్తుంది. మీ అమ్మగారినో, తోడబుట్టినవారినో కాసేపు కాల్‌లోకి తీసుకోండి. వాళ్లు వేరే ఊళ్లో ఉన్నా ఇది సాధ్యపడడం ఆన్‌లైన్ పద్ధతిలోని పెద్ద సౌలభ్యం. బెంచీలెక్కి దూకే అబ్బాయిని బడివాళ్లే డాక్టరు దగ్గరకు పంపిస్తారు. కిటికీలోంచి బయటకు చూస్తూ, ఎవరికీ అడ్డురాకుండా కూర్చునే అమ్మాయిని ఎవరూ పట్టించుకోరు. మీ వయసు స్త్రీలలో చాలామందికి ఈ సంగతి పిల్లల ద్వారానే తెలియడానికి ఇదొక కారణం. రెండో కారణం వంశపారంపర్యం: ఏడీహెచ్‌డీ విషయంలో వ్యక్తుల మధ్య తేడాలకు 70 నుంచి 80 శాతం దాకా జన్యువులే కారణమని కవలలపై జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. మీ అనుమానానికి ఆధారం ఉంది, కాని బాబుకు ఉన్నంత మాత్రాన మీకూ ఉందని తీర్మానించలేము.

మంచి సంప్రదింపు ఎలా సాగుతుందో కొంచెం చూపిస్తాను. ‘మీకు ఏకాగ్రత తక్కువా?’ అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు. అనుభవమున్న డాక్టరు అలా అడగరు. ‘పోయిన నెల గడువు దాటిన ఆ బిల్లు సంగతి చెప్పండి, అది వచ్చినప్పుడు మీరేం చేస్తున్నారు?’ అని మొదలుపెడతారు. కట్టేద్దామనే ఫోను తీశాను, పైన ఒక మెసేజ్ కనబడింది, దానికి జవాబిచ్చి ఫోను పక్కన పెట్టేశాను, రాత్రి పడుకోబోతుంటే గుర్తొచ్చింది, లేచి కట్టే ఓపిక లేక పొద్దున చూద్దామనుకున్నాను, నాలుగు రోజులూ ఇదే తంతు అని మీరు చెబితే, ఆ నాలుగు రోజుల వరుసలోనే సమస్య తీరు తెలుస్తుంది. ఆ తరువాత ‘పదేళ్ల వయసులో ఇలాంటిది ఒకటి చెప్పండి’ అని అడుగుతారు. నిద్ర గురించి, మనసు దిగులుగా ఉన్న రోజుల గురించి, అకారణంగా ఉత్సాహం పొంగి నిద్రే అక్కర్లేదనిపించిన రోజుల గురించి, మద్యం, ఇతర మత్తుపదార్థాల గురించి, గుండెజబ్బుల గురించి కూడా అడగాలి. ఇదంతా సవ్యంగా జరగడానికి కనీసం గంట పడుతుంది, తరచు రెండు విడతలు అవసరమవుతాయి. పదిహేను నిమిషాలలో పేరు పెట్టి, మందు రాసి, కాల్ ముగించేవారిని నమ్మకండి. డాక్టరు పేరూ, రిజిస్ట్రేషన్ నంబరూ ముందే కనబడని సేవకు డబ్బు కట్టకండి.

తెర దాటి రానివీ కొన్ని ఉన్నాయి: మీ రక్తపోటు, నాడి వేగం, బరువు. మందు మొదలుపెట్టే ముందూ, మోతాదు మార్చిన ప్రతిసారీ ఇవి చూడాలి. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే, అయిదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక, వీపు కుర్చీకి ఆనించి, చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా రెండుసార్లు కొలిచి ఆ అంకెలను డాక్టరుకు చెప్పండి. మీ కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో గుండె ఆగి హఠాత్తుగా మరణించి ఉంటే మాత్రం నేరుగా డాక్టరును కలిసి ఈసీజీ తీయించుకున్న తరువాతే మందుల ఆలోచన చేయాలి.

మీవారి మాట గురించి. నచ్చిన పనిలో మీరు గంటల తరబడి మునిగిపోవడం చూస్తే, మిగతావి కావాలనే వదిలేస్తున్నారని ఇంట్లోవాళ్లకు అనిపించడం సహజమే. ధ్యాస లేకపోవడం కన్నా, దాన్ని కావలసిన చోటికి కావలసిన వేళకు మళ్లించలేకపోవడం ఈ సమస్యలో ఎక్కువగా కనబడుతుంది. ఆయనను కూడా ఒక అరగంట కాల్‌లో కూర్చోబెట్టండి. ఆయన ఫిర్యాదులు డాక్టరుకు సమాచారంగా పనికివస్తాయి.

ప్రశ్న: నా వయసు 27. ఆన్‌లైన్‌లో రెండు విడతలు వివరంగా మాట్లాడాక నాకు ఏడీహెచ్‌డీ ఉందని డాక్టరు చెప్పారు. మిథైల్‌ఫెనిడేట్ అనే మందు రాయమంటే ఆన్‌లైన్‌లో రాయడానికి నిబంధనలు ఒప్పుకోవన్నారు, ఆటమోక్సెటిన్ ఇచ్చారు. పది రోజులైంది, వికారం తప్ప ఏ మార్పూ లేదు. నా స్నేహితుడి దగ్గర మిథైల్‌ఫెనిడేట్ ఉంది. కొన్నాళ్లు అది వాడి చూడవచ్చా?

జవాబు: వాడకూడదు. మీకు ఆ మందు పడదని ఈ మాట అనడం లేదు. పెద్దవారిలో మొదటి వరుసలో వాడే మందులలో అదొకటి, పనిచేసేవారికి మొదటి రోజునే తేడా తెలుస్తుంది. అయితే అది గుండె వేగాన్నీ, రక్తపోటునూ పెంచగలదు, ఆకలినీ నిద్రనూ తగ్గించగలదు, మోతాదు మనిషి మనిషికీ మారుతుంది. పైగా మీరిప్పటికే వాడుతున్న ఆటమోక్సెటిన్ కూడా రక్తపోటును కొంత పెంచేదే. రెండింటినీ మీ అంతట మీరు కలిపితే ఏది ఏం చేసిందో చెప్పడం డాక్టరుకు కూడా కష్టమవుతుంది. ఇంకొకరికి రాసిన ఈ రకం మందు దగ్గర ఉంచుకోవడం చాలా దేశాలలో నేరం కూడా.

మీ డాక్టరు చేసినది సరైన పని. మిథైల్‌ఫెనిడేట్, ఆంఫెటమిన్ తరగతి మందులు దుర్వినియోగానికి లోనయ్యేవి కనుక 1971 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోనే నియంత్రిత పదార్థాల రెండో షెడ్యూలులో చేరాయి. ఆన్‌లైన్‌లో వాటిని రాయడంపై ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. భారత ప్రభుత్వం 2020 మార్చిలో తెచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు మత్తు, మనోప్రభావక పదార్థాల చట్టం కిందికి వచ్చే మందులను ఆన్‌లైన్‌లో రాయడాన్ని నిషేధించాయి. అమెరికాలో 2008 నాటి చట్టం ముందుగా ఒకసారి నేరుగా చూడాలని షరతు పెట్టింది. దాన్ని 2020లో సడలించి, ఆ సడలింపును పలుమార్లు పొడిగించారు. ఆ కాలంలో పుట్టుకొచ్చిన కొన్ని సేవలు అరకొర సంభాషణతోనే మందు చీటీలు పంచిపెట్టి అక్కడ కేసుల దాకా వెళ్లాయి. అందువల్ల ఈ కట్టుబాటును వట్టి పట్టుదలగా తీసిపారేయలేము.

ఇక ఆటమోక్సెటిన్. ఇది మిథైల్‌ఫెనిడేట్ లాంటి స్టిమ్యులెంట్ (ఉత్తేజక) మందుల తరగతికి చెందదు, రోజూ క్రమం తప్పకుండా వేసుకుంటేనే పనిచేస్తుంది, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలకు గాని మార్పు తెలియదు, కొందరికి ఇంకా ఎక్కువ కాలమే పడుతుంది. పది రోజులకే తీర్పు చెప్పకండి. వికారానికి, భోజనం చేశాక వేసుకుంటే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. నోరు ఆరిపోవడం, మగవారిలో మూత్రం సాఫీగా రాకపోవడం, లైంగికపరమైన ఇబ్బందులు కూడా రావచ్చు. తెర మీద సిగ్గుపడి ఇవి దాచేవారిని చాలామందిని చూశాను. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా మందు ఆపి అదే రోజు డాక్టరుకు చూపించుకోండి, అరుదుగానైనా కాలేయానికి హాని జరగవచ్చు. చనిపోవాలనే ఆలోచనలు వస్తే ఆ రోజే చెప్పాలి. పారాక్సెటిన్, ఫ్లూవోక్సెటిన్ వంటి డిప్రెషన్ మందులు వాడుతుంటే ఆటమోక్సెటిన్ ఒంట్లో పేరుకుపోతుంది కనుక ఆ సంగతీ చెప్పండి.

ఆరు వారాల తరువాత కూడా గుణం కనబడకపోతే ఒక్కసారి నేరుగా వెళ్లి కలవండి. అప్పుడు మిథైల్‌ఫెనిడేట్ గురించి నిబంధనల ప్రకారమే నిర్ణయించవచ్చు. ఈలోగా పెద్దవారి ఏడీహెచ్‌డీ కోసం మలచిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ తీసుకోండి. పనిని ముక్కలుగా విడదీయడం, అన్ని పనులనూ ఒకే చోట రాసుకోవడం, గడియారం కళ్లెదుట ఉంచుకోవడం వంటివి అందులో అభ్యాసం చేయిస్తారు. ఇది వీడియోలో బాగానే సాగుతుంది, పైగా చిందరవందరగా ఉన్న మీ బల్లను థెరపిస్టుకు అక్కడికక్కడే చూపించవచ్చు. అపాయింట్‌మెంట్లు మరిచిపోవడం ఈ జబ్బు లక్షణాలలో ఒకటి కనుక, కాల్ ముగిసేలోపే తరువాతి తేదీ తీసుకుని ఫోనులో రెండు అలారాలు పెట్టుకోండి. మాత్ర వేసుకున్నానో లేదో అనే సందేహానికి, వారం రోజుల గడులున్న చిన్న మందుల డబ్బా చాలు.

ప్రశ్న: మావారికి 52 ఏళ్లు. ఎప్పుడూ లెక్కలు తప్పని మనిషి, ఏడాదిగా మాట మధ్యలో ఆగిపోతున్నారు, వస్తువులు ఎక్కడ పెట్టారో మరిచిపోతున్నారు. ఆన్‌లైన్ పరీక్షలో ఏడీహెచ్‌డీ అని వచ్చింది. ఆన్‌లైన్‌లోనే మందు మొదలుపెట్టించవచ్చా?

జవాబు: వద్దమ్మా. ఏడీహెచ్‌డీ బాల్యంలోనే మొదలవుతుంది. యాభై దాటాక కొత్తగా వచ్చే మతిమరుపును దాని ఖాతాలో వేయకూడదు. థైరాయిడ్ లోపం, విటమిన్ బీ12 తగ్గడం, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, డిప్రెషన్, కొన్ని మందుల దుష్ప్రభావం, కొన్నిసార్లు మెదడుకు సంబంధించిన జబ్బులు ఇలాగే మొదలవుతాయి. వీటిలో చాలావాటిని రక్తపరీక్షలతోనూ, నేరుగా చేసే పరీక్షతోనూ తేల్చవచ్చు, చాలావాటికి చికిత్స ఉంది. ముందు ఫిజీషియన్‌ను స్వయంగా కలవండి, ఆయన వాడుతున్న మందులన్నీ వెంట తీసుకువెళ్లండి, గురక పెడతారా, గురక మధ్యలో ఊపిరి ఆగుతుందా అన్నది మీరే గమనించి చెప్పండి. ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి వంకర పోయినా, ఒక చేయి పట్టు తప్పినా మాత్రం అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూడకుండా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి.