సముద్రం అడుగున పాత గుల్ల తవ్వుకుంటే నష్టమేంటి?

"చచ్చిన ఆల్చిప్పల గుల్లే కదా, తవ్వుకోడానికి ఆంక్షలెందుకు?" అన్నది ప్రశ్న. గుల్లను కాల్చి చేసే సున్నం మనకు కొత్త కాదు. అమెరికాలో టెక్సాస్ తీరాన గాల్వెస్టన్ బేలో ఆ గుల్లనే డ్రెడ్జర్లతో తోడి రోడ్లకు, సిమెంటుకు, చివరికి కోళ్ల దాణాకు కూడా వాడారు. 1941లో అదే టెక్సాస్ తీరాన ఫ్రీపోర్ట్‌లో డౌ అనే రసాయనాల కంపెనీ సముద్రపు నీటి నుంచి మెగ్నీషియం తీయడం మొదలుపెట్టినప్పుడు, కావలసిన సున్నానికీ ఆల్చిప్పల గుల్లనే కాల్చారు.

చిక్కు ఎక్కడంటే, ఆల్చిప్ప పిల్ల రెండు మూడు వారాలు నీళ్లలో తేలుతూ తిరిగి, తర్వాత ఏదైనా గట్టిదానికి అతుక్కోవాలి. బురదలో దిగితే బతకదు. దానికి బాగా నచ్చేది పాత ఆల్చిప్ప గుల్లే. ఆల్చిప్పలు గుంపుగా పెరిగే దిబ్బ మీంచి ఒక గుల్ల తీసి తిప్పి చూడండి, గోటికంటే చిన్న పిల్లలు గరుకుగా అంటుకుని ఉంటాయి. గుల్ల మొత్తం ఎత్తుకుపోతే వాటికి ఇల్లే లేదు. పైగా డ్రెడ్జర్ లేపిన ఒండ్రు పక్కనున్న బతికున్న దిబ్బ మీద పేరుకుని దాన్ని పూడ్చేస్తుంది.

అందుకే తవ్వకం లైసెన్సులో ఎన్ని టన్నులు తీయొచ్చన్న లెక్క ఒక్కటే ఉంటే, నా దృష్టిలో అది కాగితం మీది నియంత్రణే. బతికున్న దిబ్బకు ఎన్ని అడుగుల దూరంలో తవ్వాలన్నదే కీలకం. టెక్సాస్‌లో 1960లలో గొడవంతా ఆ దూరం మీదే. లూసియానాలోని పాంచర్‌ట్రైన్ సరస్సులోనైతే (అక్కడ తవ్వింది వేరే రకం గుల్ల) 1990లో తవ్వకాన్నే ఆపేశారు.